పొయ్యికి తగ్గ పొగగొట్టం



ఇంటింటికీ గ్యాసు వచ్చిన రోజుల్లో కట్టెల పొయ్యి గురించి ప్రసంగమేమిటని మీలో కొందరైనా అనుకుంటారు. నిజమే, ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో దేశమంతటా ఉజ్వల వచ్చింది. అయినా ఏ ఊళ్లోనైనా ఇంటి వెనక్కి వెళ్లి పెరట్లోకి తొంగి చూడండి. టీ, కూర గ్యాసు మీద అవుతాయి. స్నానాలకు వేణ్ణీళ్లు, గేదెలకు ఉలవలు, పండక్కి నలుగురొస్తే పెద్ద గుండిగ, ఇవన్నీ కట్టెల మీదే. సిలిండరు అయిపోయి కొత్తది రావడం ఆలస్యమైతే అన్నం కూడా అక్కడే. పత్తి కట్టె, కంది కట్టె, మిరప కట్టె, సర్కారు తుమ్మ, కొబ్బరి మట్టలు ఇంటి ముందు ఊరికే పడి ఉంటే కాదనేవాళ్లెవరు? కొత్తగా డాబా కట్టుకునేవాళ్లు కూడా పెరట్లో ఒక కట్టెల పొయ్యి ఉండాలని మేస్త్రీకి చెప్పి మరీ కట్టించుకుంటున్నారు.

పొయ్యి ఎలా వేయాలో మేస్త్రీకి తెలుసు, ఇంట్లో ఆడవాళ్లకు అంతకంటే బాగా తెలుసు. పొగగొట్టం దగ్గరకొచ్చేసరికి మాత్రం "ఏదో ఒక పైపు పెట్టేద్దాం లెండి" అనే మాట వినబడుతుంది. ఆ ఏదో ఒక పైపు సంగతే ఈ పూట మాట్లాడుకుందాం.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. గొట్టం మట్టిదా, ఇటుకదా, రేకుదా అని బేరం మొదలుపెట్టకముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, అది ఏ కప్పులోంచి పైకి వెళ్లాలి? రెండు, అందులో చేరిన మసిని ఎవరు, ఎక్కడినుంచి తీస్తారు? ఈ రెండూ తేలితే ఏ గొట్టమన్నది దానంతటదే తేలుతుంది. ఇవి తేల్చకుండా కొన్నది ఎంత ఖరీదైనదైనా, ఏడాది తిరక్కుండానే పొగ మళ్లీ వంటింట్లోకే వస్తుంది.

అసలు పొగను ఎందుకింత పట్టించుకోవాలి అనేవారికి మన దగ్గరి లెక్కే చెబుతాను. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లోని 420 పల్లె ఇళ్లలో పరిశోధకురాలు కల్పనా బాలకృష్ణన్ బృందం గాలిని కొలిచింది. ఆ వివరాలు 2004లో అచ్చయ్యాయి. ఊపిరితిత్తుల లోపలిదాకా పోగల సన్నటి రేణువులు గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకల వంటివి వాడే ఇళ్లలో 732 దాకా ఉన్నాయి. అంటే పదింతలు. ఆ పొగ ఎక్కువగా పట్టేది వంట చేసే ఆడవాళ్లకేనని మనకు తెలిసిందే. అదే అధ్యయనంలో నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతి మరొకటుంది. మగవాళ్లలో ఎక్కువ పొగ పీల్చేది 65 ఏళ్లు దాటిన ముసలివాళ్లు. పొలానికి పోలేక, ఊళ్లో తిరగలేక ఇంటిపట్టునే మంచం మీద ఉంటారు గనక. ఇంట్లో పొగవల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పొగను గొట్టంతో బయటికి పంపాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు మట్టితో కట్టుకునే పొగలేని పొయ్యిని రూపొందించి, 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం రాశారు. అది 1953లో మద్రాసులో అచ్చయింది. ఆ పరిశోధనశాల ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో దాన్ని హెర్ల్ చుల్హా అన్నారు. పొయ్యి పరిశోధనల చరిత్ర రాసినవాళ్లు ఇప్పటికీ దాని ప్రస్తావన లేకుండా ముందుకు పోరు. తర్వాత 1980ల నడుమ కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో ఆపేసేనాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టారు. వాటిలో ఇప్పుడు మీ ఊళ్లో ఎన్ని కనిపిస్తున్నాయో మీరే చెప్పండి.

ఏం జరిగిందో ఒడిశా పల్లెల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం విడమరిచి చెప్పింది. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో, ఆమె సహచరులు గొట్టం ఉన్న పొయ్యిలు పెట్టించుకున్న కుటుంబాలను కొన్నేళ్లపాటు గమనించారు. మొదటి ఏడాది ఆడవాళ్ల ఊపిరిలో పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ తేడా మాయమైంది. పొయ్యిలు బీటలు వారాయి, గొట్టాలు మసితో పూడాయి, బాగుచేసుకునేవారు లేరు, వాడకమూ తగ్గింది. పాత మూడు రాళ్ల పొయ్యి మళ్లీ వెలిగింది. ఇందులో ఆడవాళ్ల తప్పేమీ లేదు. గొట్టం పెట్టినవాడు మసి తీసే దారి పెట్టలేదు, తీయడం ఎలాగో చూపించలేదు.

ఇక గొట్టం ఎలా పనిచేస్తుందో కొంచెం చూద్దాం. నీళ్లు కాచుకునే రాగి బాయిలరు చాలామంది ఇళ్లలో ఉండేది, ఇప్పటికీ కొందరి పెరట్లో ఉంది. చుట్టూ నీళ్లు, నడుమ నిలువు గొట్టం, అడుగున నిప్పు వేసే జల్లెడ. నాలుగు చితుకులు వేసి వెలిగించగానే పొగ అడుగు కన్నంలోంచే మీ మొహానికి కొడుతుంది. కాసేపటికి నడిమి గొట్టం వేడెక్కుతుంది. అప్పుడు అడుగు కన్నం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, చల్లగాలి వేళ్ల సందుల్లోంచి లోపలికి పోతూ ఉంటుంది. మంట సన్నగా చప్పుడు చేస్తూ నిటారుగా నిలబడుతుంది. ఇక ఊదుగొట్టంతో పని లేదు. మేస్త్రీలు 'గొట్టం లాగుతోంది' అనేది దీన్నే.

ఆ లాగే బలం ఎంతనుకున్నారు? బయట 30 డిగ్రీలు, గొట్టంలో పొగ సగటున 150 డిగ్రీలు, గొట్టం ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. లెక్క వేస్తే సుమారు 10 పాస్కల్స్ ఒత్తిడి వస్తుంది, అంటే ఒక మిల్లీమీటరు నీటి మట్టమంత. అంతే. పొయ్యిలో పొగనంతా పైకి లాగాల్సింది ఆ ఒక్క మిల్లీమీటరే. పొగ వేడి 80 డిగ్రీలకు పడిపోతే అది సగమవుతుంది. ఒక అడ్డ మలుపు, ఒక కన్నం, ఒక మసి పొర చాలు, దాన్ని మింగేయడానికి. కాబట్టి గొట్టం వీలైనంత నిటారుగా ఉండాలి, తగినంత ఎత్తుండాలి, లోపల వేడి నిలవాలి.

వెడల్పు సంగతిలో చాలామంది పొరబడతారు. పెద్ద గొట్టమైతే పొగ బాగా పోతుందనుకుంటారు. చిన్న పొయ్యికి పెద్ద గొట్టం పెడితే పొగ అందులో నింపాదిగా వెళ్తూ చల్లారిపోతుంది, లాగడం తగ్గుతుంది, గోడలకు జిడ్డు పడుతుంది. అయిదారుగురు ఉన్న ఇంటి వంటపొయ్యికి 4 అంగుళాల అడ్డుకొలత చాలు. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే షెడ్లలో, హాస్టళ్లలో పెద్ద పొయ్యిలకు 6 అంగుళాలో అంతకంటే ఎక్కువో కావాలి. 4 అంగుళాల గొట్టంలో చుట్టూ అర అంగుళం మసి పట్టిందనుకోండి. మిగిలేది 3 అంగుళాల దారి. చూడ్డానికి ఒక అంగుళమే పోయినట్టుంటుంది గాని, పొగ పోయే చోటు దాదాపు సగానికి వచ్చేసింది.

ఇప్పుడు గొట్టాల రకాలు. పెట్టకూడనివి ముందు.

పీవీసీ పైపు. బోరు వేయించినప్పుడు మిగిలిన ముక్క ఉంది కదా అని పొయ్యికి తగిలించినవాళ్లను చూశాను. ఆ ప్లాస్టిక్ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, కాలితే విషవాయువు వస్తుంది. దాని గురించి ఇంతకంటే అనవసరం.

ఆస్బెస్టాస్ సిమెంటు పైపు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పాత ప్రభుత్వ పొయ్యిలకు చాలాచోట్ల పెట్టింది ఇదే, కొందరు మేస్త్రీల నోట ఇప్పటికీ ముందుగా వచ్చే పేరూ ఇదే. చవక, తుప్పు పట్టదు, తేలిక. కానీ గట్టి వేడి తగిలితే పగులుతుంది, ఒక్కోసారి టపాకాయలా పేలి పెచ్చులు ఎగురుతాయి. అంతకంటే ముఖ్యం, కోసినా, కన్నం పెట్టినా, విరిగినా కంటికి కనబడని నార దుమ్ము లేస్తుంది. ఆస్బెస్టాస్ రకాలన్నీ క్యాన్సరు తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొగనుంచి ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి కొన్న గొట్టమే వాటికి ఎసరు పెడితే ఎలా? మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే రంపంతో కోయకండి, పగలగొట్టకండి. తీయాల్సి వస్తే నీళ్లతో బాగా తడిపి, ముక్కలు చేయకుండా దించి, పిల్లలు ఆడుకోని చోట పాతిపెట్టండి.

కరెంటు చిమ్నీ. పట్టణంలో దుకాణానికి వెళ్లి చిమ్నీ కావాలంటే గ్యాసు స్టవ్వు మీద బిగించే ఫ్యాను పెట్టె చూపిస్తారు. అది తాలింపు ఘాటుకు, నూనె ఆవిరికి చేసింది. దాని వెనక ప్లాస్టిక్ గొట్టం, లోపల నూనె జిడ్డు పట్టిన జాలీ ఉంటాయి. కట్టెల పొయ్యి మీద పెడితే నిప్పురవ్వ ఒక్కటి చాలు. ఇంకో చిక్కు కూడా ఉంది. గదిలో ఆ ఫ్యానో, ఎగ్జాస్టు ఫ్యానో తిరుగుతుంటే అది గదిలో గాలిని బయటికి తోడేస్తుంది, మన గొట్టానికున్న ఆ ఒక్క మిల్లీమీటరు బలం దాని ముందు నిలవదు. పొగ గొట్టంలోంచే వెనక్కి దిగుతుంది. కట్టెల పొయ్యి ఉన్న గదిలో ఎగ్జాస్టు ఫ్యాను వేయకండి, కిటికీ తెరిచి ఉంచండి.

ఇక పెట్టదగినవి. కుమ్మరి సారె మీద తీసి, ఆవంలో కాల్చిన మట్టి గొట్టాలు చవకైనవి. తుప్పు పట్టవు, రేకుకంటే వేడిని బాగా నిలుపుతాయి. ఒకదాని మీద ఒకటి నిలిపి, అతుకులకు పుట్టమన్ను, ఊక, పేడ కలిపి మెత్తితే చాలు. పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే పొయ్యి రాజుకుని గొట్టాలు వేడెక్కి ఉన్నప్పుడు ఒక్కసారిగా వాన నీరు పడితే పగులుతాయి. కప్పు పైన ఉన్న ముక్కకు కోతుల బెడద మరీ ఎక్కువ. తెలంగాణ పల్లెల్లో ఉన్నవారికి నేను విడమరచనక్కర్లేదు. అందుకని కప్పు దాకా మట్టి గొట్టం, అక్కడినుంచి రేకు గొట్టం పెట్టుకోవడం మంచి పద్ధతి.

ఇటుక గొట్టం బరువైనది, చోటు తింటుంది, కింద పునాది కావాలి. కాని కట్టినవాడు సరైనవాడైతే ఒక తరం నిలుస్తుంది. పొయ్యికి దగ్గరగా ఉండే వరసలు సిమెంటుతో కట్టించకండి, ఆ వేడికి బీటలిస్తుంది. మట్టి అడుసుతోగాని, సున్నంతోగాని కట్టించండి. లోపలి వైపు నున్నగా మెత్తించండి, గరుకు గోడకు మసి త్వరగా పడుతుంది. అన్నిటికంటే గుర్తుంచుకోవాల్సింది, ఇటుక గొట్టం ఇంటి లోపలి వైపు ఉంటే మేలు. బయటి గోడకు ఆనించి కడితే రాత్రంతా చల్లబడి, పొద్దున పొయ్యి వెలిగించగానే పొగ తిరగబడుతుంది. అలాంటప్పుడు గొట్టం అడుగున మసి తీయడానికి పెట్టే తలుపు తెరిచి, ఒక ఎండు తాటాకు వెలిగించి లోపల పెడితే నిమిషంలో లాగడం మొదలవుతుంది.

రేకు గొట్టం అందరికీ దొరికేది. జింకు పూత రేకును వెల్డింగు షాపులో చుట్టి ఇస్తారు. పూత ఎక్కువ వేడికి నిలవదు, అందుకని పొయ్యి నుంచి మొదటి 3 అడుగులు మందమైన నల్ల ఇనుప గొట్టం పెట్టి, ఆ పైన పూత రేకు వాడండి. సముద్రం దగ్గరున్న ఊళ్లలో ఉప్పుగాలికి పల్చటి రేకు చూస్తుండగానే జల్లెడవుతుంది. కాకినాడ, మచిలీపట్నం, శ్రీకాకుళం తీరాల్లో ఉన్నవారు స్టెయిన్‌లెస్ స్టీలు వైపు చూడటమే నయం, ఒకసారి డబ్బు ఎక్కువైనా. బయట చలిగాలికి గురయ్యే భాగానికి మరో రేకు తొడుగు వేసి, రెండింటి నడుమ రాక్‌వూల్ అనే రాతి ఉన్ని కూరితే వేడి నిలుస్తుంది.

రేకు గొట్టాల అతుకు దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది. పొగలోని తేమ, జిడ్డు గొట్టం లోపలి గోడకు పట్టి, నల్లటి తారులా చుక్కలు చుక్కలుగా కిందికి జారుతుంది. పై గొట్టం మొన కింది గొట్టం లోపలికి దూరి ఉంటే ఆ తారు లోపలే కిందికి పోయి మళ్లీ కాలిపోతుంది. తిరగేసి బిగిస్తే, అంటే కింది గొట్టం పై గొట్టంలోకి దూరితే, ప్రతి అతుకు దగ్గరా బయటికి కారుతుంది. వంటింటి గోడ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తే గొట్టం తలకిందులుగా బిగించారని చూడగానే చెప్పొచ్చు. వాన నీళ్ల పైపులు బిగించే అలవాటున్నవాళ్లు కూడా దీన్ని తిరగేస్తుంటారు, కాబట్టి పక్కనే నిలబడి చేయించండి.

మొదట అడిగిన ప్రశ్నల్లో ఒకటి కప్పు. డాబా అయితే పని సులువు. స్లాబు పోసేటప్పుడే గొట్టం కంటే నాలుగైదు అంగుళాలు పెద్ద కన్నం వదిలించండి, తర్వాత పగలగొట్టే బాధ ఉండదు. కన్నం చుట్టూ చిన్న గట్టు కట్టి, గొట్టానికి రేకు గొడుగు వేస్తే వాన నీరు దిగదు. ఇనుప రేకుల షెడ్డుకూ అంతే. ఆస్బెస్టాస్ రేకుల షెడ్డు అయితే ఆ రేకుకు కన్నం పెట్టకండి. ఆ ఒక్క రేకు మొత్తంగా తీసేసి, దాని స్థానంలో ఇనుప రేకు వేసి, దానికి కన్నం పెట్టండి.

చిక్కంతా పెంకుటింట్లో ఉంది. ఒంటి పొర రేకు గొట్టానికీ కర్రకూ నడుమ 18 అంగుళాల దూరం ఉండాలని అమెరికాలో నియమం. మన పెంకుటిళ్లలో వాసానికీ వాసానికీ నడుమ జానెడో జానెడున్నరో ఉంటుంది. ఇక 18 అంగుళాలు ఎక్కడినుంచి వస్తుంది? ఏళ్ల తరబడి వేడి తగిలిన కర్ర లోపల్లోపల ఎండి, ఒకనాటికి తక్కువ వేడికే అంటుకుంటుంది. పదేళ్లుగా ఏమీ కాలేదు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. పెంకుటింట్లో కప్పు దాటే భాగం ఇటుకతో కట్టించండి, ఆ ఇటుకకూ వాసానికీ నడుమ 2 అంగుళాల ఖాళీ ఉంచండి. అవసరమైతే ఒక వాసం తెగ్గోసి, అడ్డకర్ర వేసి కట్టమనండి. ఏ వడ్రంగికైనా తెలిసిన పనే.

తాటాకు ఇల్లు, గడ్డి ఇల్లు అయితే నా సలహా మొహమాటం లేకుండా చెబుతాను. ఆ కప్పులోంచి ఏ గొట్టమూ దూర్చకండి. ఇంటికి ఎడంగా, గాలికి ఎదురు కాని వైపున చిన్న వంటపాక వేసి, దానికి పెంకులో ఇనుప రేకులో కప్పించి, అక్కడ పొయ్యి పెట్టండి. వేసవిలో ఒక్క నిప్పురవ్వకు వాడలకు వాడలు తగలబడిన సంగతులు మనకు తెలియనివి కావు.

గొట్టం కప్పుకు ఎంత ఎత్తుండాలి? అమెరికాలో ఒక కొలత పాటిస్తారు, మనకూ పనికొస్తుంది. కప్పును దాటిన చోటునుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల దూరంలో ఉన్న దేనికంటేనైనా 2 అడుగులు ఎక్కువ. ఆ 'దేనికంటేనైనా' అన్న మాటలో మన డాబాల మీది నీళ్ల ట్యాంకు, మెట్ల గది, పిట్టగోడ అన్నీ వస్తాయి. వాటి చాటున గొట్టం పొట్టిగా ఉంటే గాలి సుడి తిరిగి పొగను కిందికి తొక్కుతుంది. కప్పు మీద 5 అడుగులు దాటితే తీగలతో మూడు వైపులా బిగించాలి. తుపాను ప్రాంతాల్లో అంతకంటే పొట్టిదైనా బిగించాల్సిందే. పక్కింటివాళ్ల కిటికీ ఎటుందో కూడా చూడండి. గొట్టం పొగను చంపదు, చోటు మారుస్తుందంతే.

పైన వానకు టోపీ ఉండాలి. టోపీకీ గొట్టం అంచుకూ మధ్య గొట్టం వెడల్పుకు తగ్గకుండా ఎడం ఉంచండి. పిట్టలు గూడు పెడతాయని సన్న జాలీ బిగిస్తారు కొందరు, అది నెలలో మసితో మూసుకుపోతుంది. వేలు దూరేంత కంతలున్న జాలీ అయితే సరే.

కొన్ని పొయ్యిలకు గొట్టం మొదట్లో జరిపే రేకు పలక పెడతారు. గొట్టం బాగా లాగితే మంట వేడంతా గిన్నెకు తగలకుండా పైకి పోతుంది, కట్టెలు ఎక్కువ కాలతాయి. పలకను సగం మూస్తే వేడి పొయ్యిలో నిలుస్తుంది. కాని నిప్పులు ఇంకా కణకణలాడుతుండగా పూర్తిగా మూయకండి. పొగ కనబడదు, వాసన ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం గదిలో నిండుతుంది. పలకకు మూలన ఒక కన్నం కోయించి ఉంచితే పొరపాటున మూసినా దారి మిగులుతుంది.

అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. అక్కడి పొయ్యి ఇల్లు వెచ్చబెట్టడానికి, రాత్రంతా నెమ్మదిగా మండటానికి. నెమ్మదిగా మండేకొద్దీ పొగ చల్లబడి, 120 డిగ్రీల లోపుకొచ్చేసరికి తారు గొట్టానికి పేరుకుంటుంది. ఆ తారు అంటుకుంటే గొట్టం లోపల వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అందుకే అక్కడ ఇటుక గొట్టం లేకపోతే కప్పు దాటే భాగానికి రెండు పొరల స్టెయిన్‌లెస్ గొట్టం పెడతారు, ఏటా ఒకసారి నిపుణుడితో చూపించుకోవాలన్నది ప్రమాణం. పొయ్యి కంటే గొట్టానికే ఎక్కువ ఖర్చయిందని వాళ్లు వాపోతుంటారు. అది న్యాయమైన ఖర్చే. పొయ్యి పెట్టేముందు స్థానిక అనుమతీ, ఇంటి బీమావారి మాటా తీసుకోండి.

చివరిగా రెండో ప్రశ్న, మసి. పొయ్యి నుంచి పొగ గొట్టంలోకి చేరే చోటుకు అడుగు దిగువన, గొట్టం అడుగు భాగంలో చెయ్యి పట్టేంత తలుపు ఉండాలి. ఇనుప తలుపైనా సరే, మట్టితో మెత్తిన ఒక విడి ఇటుకైనా సరే. రాలిన మసి ఆ గుంటలో పడుతుంది. వాడేటప్పుడు అది గట్టిగా మూసి ఉండాలి, లేకపోతే గొట్టం పొయ్యిలోంచి కాక అక్కడినుంచి గాలి లాగుతుంది. రోజూ పొయ్యి వెలిగే ఇంట్లో నెలకోసారి గొట్టం తట్టి, ఆ తలుపులోంచి మసి తోడెయ్యండి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి టోపీ తీసి, తాడుకు కట్టిన రాయికి గోనెపట్టా చుట్టి పైనుంచి దించి లాగండి. వెదురు బొంగుకు కొబ్బరి పీచు చుట్టినా పని జరుగుతుంది. మొహానికి తడిగుడ్డ కట్టుకోవడం మరవకండి. ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు ఉండే ఇళ్లలో కప్పెక్కేవాళ్లెవరుంటారు? అలాంటి ఇంటికి అడుగునుంచే పూర్తిగా తుడవగలిగే నిటారు గొట్టమే పెట్టాలి, మలుపు ఒక్కటీ ఉండకూడదు. పచ్చికట్టె వాడకండి. కోసిన కట్టెను చీల్చి చూరుకింద ఎండబెట్టి వాడితే మసి పని సగం ముందే తీరిపోతుంది.

గ్యాసు కొనగలిగినవారు వంటకు గ్యాసే వాడండి, మంచి గొట్టం ఉన్న కట్టెల పొయ్యి కూడా దానికి సాటి రాదు. కట్టెల పొయ్యి తప్పదనుకునేవారు మేస్త్రీ వచ్చిన రోజున, తాపీ చేతికిచ్చే ముందు, "మసి తలుపు ఎక్కడ పెడతావు?" అని అడగండి. చోటు చూపిస్తే పని మొదలుపెట్టించండి. "దానికి తలుపెందుకండీ" అన్నాడంటే ఇంకో మేస్త్రీని పిలవండి.